జీతం తీసుకుని పిల్లల చేత చదివించాను

అమెరికాలో కళాశాల విద్యార్థులకు ప్రభుత్వం జీతమిచ్చి, దగ్గర్లోని ప్రాథమిక పాఠశాలల్లో చిన్నపిల్లలకు చదవడం నేర్పించే పని ఒకటి ఉంది. ఫెడరల్ వర్క్-స్టడీ అనే పథకంలో అదొక భాగం. న్యూజెర్సీలో డిగ్రీ చదువుతున్న రోజుల్లో నేను ఆ పని చేశాను. మన తెలుగు కుటుంబాల్లో దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ. తెలిసినవాళ్లు కూడా, లైబ్రరీ కౌంటర్లో కూర్చుని పాఠాలు చదువుకుంటూ అదే జీతం తీసుకునే అవకాశం ఉండగా ఆ పిల్లల వెంట పడటం ఎందుకని అడుగుతారు. మా బంధువులే అడిగారు. నిలబడి ఒక్క మాటలో చెప్పే జవాబు నా దగ్గర లేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

మాది ఖమ్మం. మా మేనత్త నాన్న పేరు మీద పెట్టిన గ్రీన్‌కార్డు దరఖాస్తు పద్నాలుగేళ్లకు పైగా వరుసలో ఉండి, నా ఇంటర్మీడియట్ పూర్తయిన ఏడాది తేలింది. ఇక్కడికి వచ్చాక నాన్నకు ఎడిసన్ దగ్గర ఒక గిడ్డంగిలో రాత్రి షిఫ్టు, అమ్మకు ఓక్ ట్రీ రోడ్డులో ఒక మిఠాయి దుకాణం వంటగదిలో పని దొరికాయి. నేను మొదట, తక్కువ ఫీజుతో రెండేళ్లు చదువుకునే కమ్యూనిటీ కళాశాలలో చేరి, తర్వాత విశ్వవిద్యాలయానికి మారాను. ఫీజుకు సహాయం కావాలంటే ఫాఫ్సా అనే దరఖాస్తు నింపాలి. కుటుంబ ఆదాయం, పన్ను వివరాలు అందులో ఇస్తే, చదువుకయ్యే మొత్తం ఖర్చులో మన ఇంటివాళ్లు ఎంత భరించగలరో ఒక సూత్రం ప్రకారం లెక్కగడతారు. మిగిలిన లోటును బట్టి గ్రాంటు, అప్పు, వర్క్-స్టడీ ఇస్తారు.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఇది పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, శరణార్థుల వంటి మరికొందరికి మాత్రమే. ఎఫ్-1 వీసా మీద ఎంఎస్ చదవడానికి వచ్చిన మనవాళ్లకు వర్తించదు. వాళ్లు తరగతులు నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటల వరకు క్యాంపస్‌లో పని చేసుకోవచ్చు, కానీ ఆ జీతం ఈ పథకం నుంచి రాదు. అమ్మానాన్నల ఉద్యోగ వీసాకు అనుబంధంగా ఇచ్చే హెచ్-4 వీసా మీద పసితనంలోనే వచ్చి, బడి చదువంతా ఇక్కడే చదివిన పిల్లలకు కూడా ఇది లేదు. నాతో ప్రయోగశాలలో కూర్చునే ఒక తెలుగమ్మాయి పరిస్థితి అదే. నాకంటే చక్కని ఇంగ్లిషు, పిల్లలంటే నాకంటే ఓపిక. ఆమెకు ఆ తలుపు మూసి ఉండటం నాకు ఇప్పటికీ బాధే.

కళాశాల పంపే సహాయం ఉత్తరంలో వర్క్-స్టడీ అని కనిపించే మొత్తం చేతికిచ్చే డబ్బు కాదు, ఫీజులోంచి తగ్గేదీ కాదు. నాన్న ఆ అంకె చూసి ఫీజు అంత తగ్గిందని సంతోషించారు. ఆయన ఒక్కరే కాదు, చాలా ఇళ్లలో ఇలాగే అనుకుంటారు. నిజానికి అది ఆ ఏడాది మనం సంపాదించుకోగలిగే జీతానికి గరిష్ఠ పరిమితి. పని మనమే వెతుక్కోవాలి, పనిచేసిన గంటలకే జీతం వస్తుంది. ఆ జీతం దేశ, రాష్ట్ర, స్థానిక కనీస వేతనాల్లో ఏది ఎక్కువైతే దానికంటే తక్కువ ఉండకూడదు. దేశవ్యాప్త కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది, న్యూజెర్సీది దానికి ఎంతో పైన ఉంది. ఇంకో మేలు కూడా ఉంది. ఇలా సంపాదించిన డబ్బును తర్వాతి ఏడాది సహాయం లెక్కలో ఆదాయం కింద పట్టుకోరు. బయట దుకాణంలో అంతే సంపాదిస్తే ఆ వెసులుబాటు ఉండదు.

కమ్యూనిటీ కళాశాలలో ఉన్నప్పుడు నాకు ఈ పథకం కింద పని దొరకలేదు. నిధులు కళాశాలలకు పంచే సూత్రం చాలా పాతది. ఎప్పటినుంచో పథకంలో ఉన్న, ఫీజులు ఎక్కువగా ఉండే ప్రైవేటు కళాశాలలకు దాని వల్ల ఎక్కువ వాటా పోతుంది. పేద విద్యార్థులు గుంపులుగా చేరే కమ్యూనిటీ కళాశాలలకు తక్కువ మిగులుతుంది. 1964లో లిండన్ జాన్సన్ ప్రభుత్వం పేదరికం మీద పోరాటమంటూ తెచ్చిన చట్టంలో పుట్టిన పథకం ఇలా తయారవడం న్యాయం కాదు.

విశ్వవిద్యాలయానికి మారాక ఉద్యోగాల జాబితాలో 'రీడింగ్ ట్యూటర్' కనిపించింది. అది అక్కడ ఉండటానికి కారణం ఉంది. 1996లో అధ్యక్షుడు క్లింటన్, దేశంలో ప్రతి పిల్లా పిల్లవాడూ మూడో తరగతి పూర్తయ్యేలోపు సొంతంగా, బాగా చదవగలగాలన్న లక్ష్యంతో 'అమెరికా రీడ్స్' అనే పిలుపునిచ్చారు. మామూలుగా వర్క్-స్టడీ జీతంలో 75 శాతం వరకు కేంద్రం ఇస్తే, మిగతాది పని ఇచ్చినవాళ్లు భరించాలి. బడి ఈడు రాని చిన్నపిల్లలకు, ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం నేర్పే పనికి మాత్రం 1997 నుంచి మొత్తం జీతం కేంద్రమే భరించవచ్చు. పైగా ఈ నిధులు తీసుకునే కళాశాల అందులో కనీసం ఏడు శాతం సమాజానికి ఉపయోగపడే పనులకు ఖర్చు పెట్టాలి. ఆ పనుల్లో పిల్లలకు చదవడం నేర్పేదో, కుటుంబాలకు అక్షరాస్యత నేర్పేదో ఒకటైనా ఉండాలి. అంటే పాఠశాల పైసా ఇవ్వనక్కర్లేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, టీచరు సహకారం ఉంటే చాలు.

ఇంటర్వ్యూలో సమన్వయకర్త నా చేతికి పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి ఇచ్చి, ఎదురుగా ఐదేళ్ల పాప ఉందనుకుని చదవమన్నారు. నా యాస గురించి నేనే అడిగాను. అక్కడి పిల్లల ఇళ్లలో ఎక్కువగా స్పానిష్ మాట్లాడతారని, రకరకాల యాసలు వాళ్లకు కొత్త కాదని, శబ్దాలు విడివిడిగా స్పష్టంగా పలికితే చాలని చెప్పారు.

తర్వాత కాగితాల తతంగం. పని చేసే అర్హత చూపే ఐ-9, పన్ను కోసం డబ్ల్యూ-4, పోలీసు రికార్డు తనిఖీకి వేలిముద్రలు, టీబీ లేదన్న రుజువు. ఈ చివరిది భారతదేశంలో పుట్టినవాళ్లకు తెలిసి ఉండాలి. పుట్టగానే మనకు భుజం మీద వేసే బీసీజీ టీకా వల్ల, చేతి చర్మం కింద మందు ఎక్కించి చూసే పరీక్షలో జబ్బు లేకపోయినా వాపు కనిపించవచ్చు. నాకూ అలాగే ఎర్రగా పొంగింది. ఆ వాపు చూసి అమ్మ రాత్రంతా నిద్రపోలేదు. దీనికి వేరే రక్తపరీక్ష ఉంది, బీసీజీ వేయించుకున్నా దాని ఫలితం మారదు. మొదటే ఆ రక్తపరీక్ష రాయమని అడగడం మంచిది.

శిక్షణకు కూడా జీతం ఇచ్చారు. ఈ తరహా పనుల్లో శిక్షణకు, పాఠశాలకు వెళ్లివచ్చే ప్రయాణానికి తగిన మేరకు జీతం ఇవ్వడానికి నియమాలు అనుమతిస్తాయి. చదవడం నేర్పడమంటే నాకు ఖమ్మంలో చూసిందే తెలుసు. అఆలు, గుణింతాలు, ఒత్తులు వస్తే పిల్లవాడు పేపర్లో ఏ పేజీ చూపించినా చదివేస్తాడు. అర్థం కావచ్చు, కాకపోవచ్చు, నోటికి మాత్రం వస్తుంది. ఇంగ్లిషులో ఆ సౌకర్యం లేదు. ఒకే అక్షరం 'క్యాప్'లో ఒకలా, చివర పలకని 'ఈ' చేరగానే 'కేప్'లో ఇంకోలా పలుకుతుంది. 'షిప్' అనే మాటలో అక్షరాలు నాలుగు, శబ్దాలు మూడు. 2000లో వెలువడిన నేషనల్ రీడింగ్ ప్యానెల్ నివేదిక చదవడానికి కావలసినవి ఐదని చెప్పింది. మాటలోని శబ్దాలను చెవితో విడదీయగలగడం, ఏ అక్షరానికి ఏ శబ్దమో తెలియడం, తడబడకుండా చదవడం, పదసంపద, చదివింది అర్థం కావడం. మా శిక్షణంతా ఈ ఐదింటి చుట్టూనే తిరిగింది.

అందులో నాకు చేతికి తేలిగ్గా వచ్చింది ఒకటుంది. ఇక్కడి ట్యూటర్లలో చాలామంది హల్లు పలికేటప్పుడు వెనకాల చిన్న అచ్చు చేర్చేస్తారు. 'బ' 'అ' 'ట' అని ఎన్నిసార్లు కలిపినా పిల్లకు 'బ్యాట్' వినిపించదు. అచ్చు లేని 'బ్', అచ్చు లేని 'ట్' కావాలి. పొల్లు రాయడం, పలకడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటే కదా. శిక్షణ ఇచ్చే ఆవిడ నా చేత పలికించి మిగతావాళ్లకు వినిపించారు.

నాకిచ్చిన పాఠశాల బస్సులో ఇరవై నిమిషాల దూరం. చిన్న తరగతుల వరండాలో, లైబ్రరీ తలుపు ఎదురుగా మా బల్ల వేశారు. వచ్చేపోయే టీచర్లకు మేము ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. పిల్లలతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, ఫొటోలు తీయకూడదు, వాళ్ల పేర్లు బయట చెప్పకూడదు. న్యూజెర్సీ చట్టం ప్రకారం పిల్లల మీద హింస జరుగుతోందని అనుమానించడానికి తగిన కారణం కనిపిస్తే ఆ సంగతి తెలపాల్సిన బాధ్యత టీచర్లకే కాదు, ప్రతి ఒక్కరికీ ఉంది. అది మాకు మొదటిరోజే చదివి వినిపించారు. అటువంటి అవసరం నాకు రాలేదు. కానీ ఆ వాక్యం విన్నాక పిల్లల మాటలు వినే తీరు మారింది.

నాకు అప్పగించిన పిల్లల్లో ఇద్దరి గురించి చెబుతాను.

రెండో తరగతి చదివే బాబు ఒకడు. చురుకైనవాడు, సొరచేపల గురించి నాకు తెలియనివెన్నో చెప్పేవాడు. పుస్తకం చేతిలో పెడితే మొదట బొమ్మ చూసేవాడు, తర్వాత నా ముఖం చూసేవాడు, అక్షరాలు చూసేది చివరికి. కుందేలు బొమ్మ కింద 'బన్నీ' అని రాసి ఉంటే 'రాబిట్' అని ధీమాగా చదివాడు. అర్థం ఒకటే కదా అని వదిలేస్తే, బొమ్మలు లేని పుస్తకం వచ్చిన రోజున వాడికి ఆధారం ఏమీ మిగలదు. బొమ్మ చూసి, వాక్యం ధోరణి చూసి, మొదటి అక్షరం చూసి మాటను ఊహించమని నేర్పే పద్ధతి ఇక్కడి బడుల్లో దశాబ్దాల పాటు నడిచింది. కొన్నేళ్లుగా ఒక్కో రాష్ట్రమూ చట్టం చేసి మరీ దాన్ని పక్కన పెడుతోంది. మా శిక్షణ కొత్త పద్ధతిలో జరిగింది, ఆ బాబు తరగతిలో పాత పద్ధతి చార్టు ఇంకా గోడకు ఉంది. ఎవరినీ తప్పుపట్టే స్థానం నాది కాదు. నా బల్ల దగ్గర మాత్రం ఒక చిన్న అట్టముక్కతో బొమ్మను కప్పేదాన్ని. ముందు చదువు, తర్వాత అట్ట తీసి చూద్దాం అనేదాన్ని. అట్ట తీసినప్పుడు తను చదివిందే బొమ్మలో కనబడితే వాడి కళ్లు ఎలా వెలిగేవో!

వాడికి ఇంకో చిక్కు ఉంది. 'మేక్' అన్న మాట వస్తే 'మాకె' అని చదివేవాడు. పక్క బల్ల దగ్గర ట్యూటరు ఒకతను అది విని, పిల్లవాడు అక్షరాలు సరిగా చూడటం లేదన్నాడు. నాకు అలా అనిపించలేదు. వాడు ప్రతి అక్షరాన్నీ చూశాడు, చూసిన ప్రతిదాన్నీ పలికాడు. స్పానిష్‌లో అచ్చుకు ఒకే శబ్దం, రాసింది రాసినట్టే పలుకుతారు. మన పిల్లలు కూడా అలాగే చదువుతారు. కాబట్టి వాడికి బుద్ధి తక్కువ కాదు, ఇంటి నుంచి తెచ్చుకున్న నియమం ఒకటి బలంగా ఉంది. ఆ నియమం తప్పని నేను అనలేదు. ఇంట్లో అది నిజం, ఈ పుస్తకంలో చివరి 'ఈ' నోరు మూసుకుని ముందున్న అచ్చు చేత దాని పేరు చెప్పిస్తుంది అన్నాను. అప్పటినుంచి ఏ మాట వచ్చినా ముందు చివరికి వెళ్లి, అక్కడ ఆ 'ఈ' ఉందో లేదో చూసి, పెన్సిల్‌తో దాని మీద చిన్న గీత గీసి మొదలుపెట్టేవాడు.

రెండో బిడ్డ మొదటి తరగతి పాప. ఇరవయ్యారు అక్షరాల పేర్లూ గడగడా చెప్పేది, మూడక్షరాల మాట మాత్రం చదవలేకపోయేది. అక్షరం పేరు వేరు, దాని శబ్దం వేరు అన్నది ఆ పిల్లకు ఎవరూ విడదీసి చూపలేదు. తనతో మొదటి వారాలు పుస్తకమే తెరవలేదు. కాగితం మీద పక్కపక్కన మూడు గడులు గీసి, కింద మూడు గుండీలు పెట్టేదాన్ని. ఇవి డేనియల్ ఎల్కోనిన్ అనే సోవియట్ మనస్తత్వవేత్త పేరుతో వాడుకలో ఉన్న గడులు. నేను 'మ్యాప్' అంటే పాప ఒక్కో శబ్దానికి ఒక్కో గుండీ పైకి జరపాలి. 'మ్', గుండీ. 'యా', గుండీ. 'ప్', గుండీ. చివర్లో వేలితో మూడు గడుల మీదుగా గీత గీస్తూ మాట మొత్తం పలకాలి. చాలా రోజుల వరకు ఆ పిల్ల మూడు శబ్దాలూ సరిగ్గా చెప్పి, చివర్లో సంబంధం లేని మాట ఏదో అనేది. ఒకసారి 'ష్', 'ఇ', 'ప్' అంటూ గుండీలు జరిపి, వేలు గీసి, 'షిప్' అని ఆగిపోయింది. మళ్లీ గీసింది. మళ్లీ 'షిప్' వచ్చింది. గుండీలన్నీ కిందికి లాగి, నన్ను చెప్పనివ్వకుండా తనే ఇంకో మాట చెప్పుకుని మొదలుపెట్టింది. ఆ రోజు తరగతికి వెళ్లే సమయమైందని టీచరు పిలిచినా లేవలేదు.

ఒక్కో పిల్లకూ అరగంట. మొదట పాత పుస్తకం ఒకటి తిరిగి చదవడం, దాంతో ధైర్యం వస్తుంది. తర్వాత ఆ రోజు శబ్దం, గడులు, పలక మీద రాయడం. తర్వాత ఆ శబ్దం ఎక్కువగా వచ్చే చిన్న పుస్తకం. ఈ పుస్తకాల్లో కథ పెద్దగా ఉండదు, పిల్లలకు విసుగు. అందుకని చివరి ఐదు నిమిషాలు వాళ్లకు ఇష్టమైన పుస్తకం నేనే చదివి వినిపించేదాన్ని. బాబుకు సొరచేపలు, పాపకు ఏదైనా సరే పిల్లులు ఉండాలి. 'ది', 'వాజ్', 'సెడ్' లాంటి మాటలు అడుగడుగునా వస్తాయి. వీటిలో చాలావాటిని అక్షరాలు కూడబలుక్కుని చదివితే తేలవు. ఇలా తరచుగా వచ్చే 220 మాటలతో 1936లో ఎడ్వర్డ్ డాల్చ్ అనే ఆచార్యుడు వేసిన జాబితా ఇప్పటికీ బడుల్లో వాడుతున్నారు. మేము రోజూ అందులో కొన్ని చూసేవాళ్లం. పిల్ల వెళ్లగానే చిట్టాలో రాయాలి, ఏ పుస్తకం, ఎక్కడ ఆగింది, ఏ శబ్దం ఇంకా రాలేదు. ఈ చిట్టా టీచరు చూస్తారు. అక్షరాలు చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా లాంటిది ఉందేమోనని మనకు అనిపించినా ఆ మాట మనం అనకూడదు, చూసింది చూసినట్టు రాయాలి. నిర్ణయించేది నిపుణులు.

ఇప్పుడు జీతం సంగతి. మన దగ్గర చదువు చెప్పడాన్ని పుణ్యంగా చూస్తారు కాబట్టి, చిన్నపిల్లలకు చదువు చెప్పి డబ్బు తీసుకున్నావా అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. తీసుకున్నాను. ఆ డబ్బు నా బస్సు పాసుకు, పుస్తకాలకు, ఫోను బిల్లుకు పోయింది. అది లేకపోతే ఆ గంటలు నేను ఏదో ఒక దుకాణంలో నిలబడేదాన్ని. నాన్న రాత్రి షిఫ్టు చేసి వస్తుంటే, వారంలో అన్ని మధ్యాహ్నాలు ఊరికే ఇచ్చేంత తీరిక నాకు లేదు. డబ్బున్న ఇళ్ల పిల్లలకే ఊరికే చేసే తీరిక ఉంటుంది. జీతం ఉండబట్టే మా బృందంలో సగానికి పైగా మా ఇల్లు లాంటి ఇళ్ల నుంచి వచ్చారు. స్పానిష్ ఇంటి భాషగా పెరిగినవాళ్లు కూడా వారిలో ఉన్నారు. తమలాగే మాట్లాడే ఒక అక్క కాలేజీకి వెళ్తోందని ఆ పిల్లలు కళ్లారా చూశారు.

ఇంకో సంగతి క్రమం తప్పకపోవడం. పాఠశాలకు స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. మంచివాళ్లు, పిల్లలతో ప్రేమగా ఉండేవాళ్లు. పరీక్షలు రాగానే, మంచు పడగానే తగ్గిపోయేవారు. వాళ్లనేమీ అనలేం. మాకు మాత్రం ఇది ఉద్యోగం. మంగళవారమంటే మంగళవారమే, ఆర్గానిక్ కెమిస్ట్రీ పరీక్ష మర్నాడున్నా సరే. గంటల పట్టిక నింపి పైవాళ్ల సంతకం పెట్టించుకోవాలి, రాకపోతే ముందే చెప్పాలి. చదవడం రాని పిల్లకు ఒకే మనిషి, ఒకే చోట, ఒకే వేళకు రావడం ఎంత అవసరమో అక్కడ కూర్చుంటే తెలుస్తుంది. గురువారం వదిలిన శబ్దం మళ్లీ మంగళవారం అందుకోకపోతే మొదటికొస్తుంది. నేను జీతాన్ని సమర్థించడానికి అసలు కారణం ఇదే. జీతం వల్ల మేము రాగలిగాం, రాక తప్పని స్థితిలో ఉన్నాం, ఆ రెండూ పిల్లలకు కలిసొచ్చాయి.

అదే కారణం చేత ఏప్రిల్‌లో జరిగింది నాకు మింగుడుపడలేదు. ఏడాదికి రాసిచ్చిన మొత్తం సంపాదించేశాక పని ఆపేయాలి. శ్రద్ధగా ఎక్కువ గంటలు వచ్చినవాళ్లకే అది ముందుగా అయిపోతుంది. మా బృందంలో ఒక అబ్బాయి మార్చి చివరికే ఆగిపోయాడు. అతని దగ్గర చదువుకునే పిల్లలకు బడి ఇంకా జూన్ దాకా ఉంది. సమన్వయకర్త ఆర్థిక సహాయ విభాగం చుట్టూ తిరిగి కొందరికి పరిమితి పెంచగలిగారు. నాకు పెరిగింది, అతనికి పెరగలేదు. అతని పిల్లల్ని మేము పంచుకున్నాం. అందులో ఒక పాప నా దగ్గర కూర్చుని, ఆ అన్నకు కోపం వచ్చిందా అని అడిగింది. లేదమ్మా, అతని పని వేళలు అయిపోయాయి అన్నాను. ఆరేళ్ల పిల్లకు అంతకన్నా ఎలా చెప్పాలి? పిల్లలతో పని ఉన్న ఉద్యోగాలకైనా బడి సంవత్సరం ముగిసే దాకా సరిపోయేలా మొదటే లెక్కవేసి ఇవ్వాలి. అదేమంత కష్టమైన లెక్క కాదు.

మొత్తం పథకానికి కేంద్రం ఏటా ఇచ్చేది ఇటీవలి సంవత్సరాల్లో 120 కోట్ల డాలర్ల పైచిలుకు. 2026 ఆర్థిక సంవత్సరానికి శ్వేతసౌధం పెట్టిన బడ్జెట్ ప్రతిపాదనలో దీనికి పెద్ద కోత ఉండింది. అదే దేశంలో 2024 జాతీయ పరీక్షలో నాలుగో తరగతి పిల్లల్లో 40 శాతం మంది చదవడంలో కనీస స్థాయిని కూడా అందుకోలేదు. ఈ రెండు అంకెలూ ఒకేచోట పెట్టి చూసినప్పుడల్లా ఆ వరండా, ఆ బల్ల గుర్తొచ్చి కడుపు మండుతుంది.

మన దగ్గర ఇలా ఎందుకు ఉండకూడదన్న ఆలోచన నన్ను వదలదు. 1969 నుంచి కళాశాలల్లో ఎన్ఎస్ఎస్ అనే జాతీయ సేవా పథకం ఉంది, మా పెదనాన్న కొడుకు అందులో ఊళ్లో మొక్కలు నాటాడు, రక్తదానం చేశాడు. కానీ అది జీతం లేని సేవ. తమిళనాడు 2021లో కోవిడ్ మూసివేతల తర్వాత 'ఇల్లం తేడి కల్వి' అనే పేరుతో వాడవాడలా వాలంటీర్ల చేత సాయంత్రం పూట పిల్లలకు చదువు చెప్పించింది, నెలకు వెయ్యి రూపాయల గౌరవవేతనం ఇచ్చింది. ఆ మొత్తం చిన్నదే, అయినా ఆ దారి సరైనది. మా ఖమ్మంలో డిగ్రీ చదువుతూ క్యాటరింగ్ పనులకు పోయే పిల్లలెందరో నాకు తెలుసు. అదే కూలి బడిలో ఇస్తే వాళ్లలో సగం మంది రెండో తరగతి పిల్లల పక్కన కూర్చుంటారని నా నమ్మకం.

ఫలితం ఏమిటని అడుగుతారు కదా. పాప వసంతకాలానికి తరగతి స్థాయిని అందుకుంది. అందుకోగానే ఆమె పేరు మా జాబితాలోంచి తీసేశారు, ఆ చోటు ఇంకో బిడ్డకు కావాలి మరి. వరండాలో ఎదురైనప్పుడల్లా చేతిలో ఏ పుస్తకం ఉందో ఎత్తి చూపించేది. బాబు ఏడాది చివరి పరీక్షలో ఇంకా తరగతి స్థాయికి కిందే ఉన్నాడు, కానీ మొదట ఉన్నచోటు నుంచి చాలా దూరం వచ్చాడు. బొమ్మ మీద అట్ట పెట్టాల్సిన పని లేకుండా పోయింది. మూడో తరగతికి వాడి చిట్టా వెనక రెండు పేజీల నోటు రాసిచ్చాను. ఏ శబ్దాలు వచ్చు, ఏవి రావు, సొరచేపల పుస్తకాలు లైబ్రరీలో ఏ అరలో ఉన్నాయి, అన్నీ.

మీ ఇంట్లో అర్హత ఉన్న పిల్లలు కళాశాలకు వెళ్తుంటే ఫాఫ్సా తెరిచిన వెంటనే నింపించండి. కళాశాల దగ్గర నిధులు పరిమితంగా ఉంటాయి, ఆలస్యమైతే మిగలవు. సహాయం వివరాల్లో వర్క్-స్టడీ కనబడకపోతే ఆర్థిక సహాయ విభాగానికి రాసి అడగండి, వేరేవాళ్లు వదులుకున్నది కొన్నిసార్లు దొరుకుతుంది. ట్యూటర్ ఉద్యోగాలకు ఆగస్టులోనే దరఖాస్తు పెట్టాలి, ఎందుకంటే వేలిముద్రలు, టీబీ పరీక్ష తేలేసరికి వారాలు పడుతుంది. బడి వేళలు ఉదయం నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా కాబట్టి, సొంత తరగతులను వారంలో రెండు మూడు రోజులకు సర్దుకుని మిగతా పగళ్లు ఖాళీ పెట్టుకోవాలి. సొంత తరగతి ఉన్న వేళలో ఈ పని చేయడానికి నియమాలు ఒప్పుకోవు. బడి ఈడు కంటే చిన్నపిల్లలతో పనిచేయాలనుంటే 1993లో యేల్‌లో మొదలైన జంప్‌స్టార్ట్ అనే సంస్థ చాలా కళాశాలల్లో ఉంది, వర్క్-స్టడీ విద్యార్థులను తీసుకుంటుంది. ఇంటర్వ్యూలో ఏడాదికి ఇచ్చే మొత్తం ఎంత, వారానికి ఎన్ని గంటలు చేస్తే అది జూన్ దాకా వస్తుంది అన్న రెండూ అడిగి, జవాబు రాయించుకోండి.